నల్లేరు ఎముకలను కాపాడుతుందా? ఎలుకల మీద తేల్చుకునే పద్ధతి

నల్లేరు కాడలు కోసే ముందు మా అమ్మ చేతులకు నూనె రాసుకునేది, లేకపోతే ఒకటే దురద. విరిగిన ఎముక అతకడానికి మనవాళ్లు ఎప్పటినుంచో వాడుతున్న మొక్కే, కానీ నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఎముకలు గుల్లబారడాన్ని అది ఆపుతుందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని ల్యాబులో తేల్చడానికి అండాశయాలు తీసేసిన ఎలుకను వాడతాం, ఓవీఎక్స్ ఎలుక అంటాం. ఎంఫార్మసీలో ఇలాంటి ప్రాజెక్టు పెట్టుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

మొక్కను బోటనీ వాళ్లకు చూపించి పేరు ఖాయం చేయించండి, ఒక నమూనా హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలు భద్రపరిచే చోట) దాచండి. కాలేజీ ఐఏఈసీ (జంతు ప్రయోగాల నైతిక కమిటీ) అనుమతి చేతికి వచ్చేదాకా ఒక్క ఎలుకను కూడా ముట్టుకోవద్దు.

3 నెలల ఎలుకలు సులువుగా దొరుకుతాయి గానీ వాటి ఎముకలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి, అందుకే వీలైతే 6 నెలల ఆడ ఎలుకలే తీసుకోండి. మత్తు, నొప్పి మందు, ఆపరేషన్ తర్వాత వెచ్చదనం, వీటిలో దేనికీ లోటు చేయకండి. నొప్పితో మేత మానేసిన ఎలుక ఎముక ఏం చెబుతుంది? గ్రూపులు కనీసం నాలుగు: పొట్ట కోసి అండాశయాలు ముట్టకుండా కుట్టేసిన షామ్, మందు లేని ఓవీఎక్స్, ఎముకలు గుల్లబారడానికి వాడే మందు ఆలెండ్రోనేట్ ఇచ్చే ఓవీఎక్స్, నల్లేరు ఇచ్చే ఓవీఎక్స్. నల్లేరును సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే జిగురు) ద్రావణంలో కలిపి పడుతుంటే మందు లేనివాటికి ఉత్త సీఎంసీ పట్టాలి. గుల్లబారకుండా ఆపడం చూడాలంటే ఆపరేషన్ అయిన కొద్దిరోజులకే మొదలుపెట్టండి, గుల్లబారిన ఎముక కోలుకోవడం చూడాలంటే 8 వారాలు ఆగండి.

ఎక్కువమంది పట్టించుకోనిది మేత. మామూలు పెల్లెట్లలో సోయా ఉంటుంది, సోయాలోని ఐసోఫ్లేవోన్లు ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తాయి, అప్పుడు ఎముకను కాపాడింది నల్లేరో మేతో ఎవరు చెప్పగలరు? సోయా లేని మేత అడిగి తెప్పించండి. ఓవీఎక్స్ ఎలుకలు ఎక్కువ తిని బరువు పెరుగుతాయి, బరువు పెరిగితే ఎముక మీద భారమూ మారుతుంది కాబట్టి వారం వారం తూచి రాసుకోండి.

డోసు ఊహించి వేయొద్దు. 60 కిలోల మనిషి రోజుకు 3 గ్రాముల ఎండు పొడి తింటే కిలోకు 50 మిల్లీగ్రాములు, మనిషి డోసును ఎలుక డోసుగా మార్చే 6.2తో దాన్ని గుణిస్తే కిలోకు 310 మిల్లీగ్రాములు. ఇది పొడి లెక్క. 100 గ్రాముల పొడికి మీకు 10 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ వస్తే ఎలుకకు ఇవ్వాల్సింది కిలోకు 31 మిల్లీగ్రాములే. ఈ తేడా చూడకుండా ఇచ్చే పెద్ద డోసుల ఫలితం మనిషికి పనికిరాదు.

12 వారాలు మందు ఇచ్చాక ముందు గర్భసంచి తూచండి. షామ్ ఎలుకది నిండుగా ఉంటుంది, ఓవీఎక్స్‌ది దారంలా సన్నబడిపోతుంది. సన్నబడకపోతే ఆపరేషన్‌లో అండాశయం ముక్క మిగిలిపోయిందేమో చూడాలి. నల్లేరు గ్రూపంతటికీ గర్భసంచి బరువు పెరిగితే మాత్రం అది ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తోందని అనుమానించాలి, ఆ మాట రిపోర్టులో దాచకండి. ఎముక నష్టం ముందుగా కనిపించేది మోకాలి కింద, టిబియా పైభాగంలోని స్పాంజి ఎముకలో, మైక్రో సీటీ (ఎముక లోపలి సన్నటి అల్లికను చూపే స్కాన్) అక్కడే తీయించండి. తొడ ఎముకను సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డలో చుట్టి మైనస్ 20 డిగ్రీల దగ్గర పెట్టండి, బలం పరీక్షకు అది కావాలి. ఫార్మలిన్‌లో వేస్తే దాని అసలు బలం ఇక తెలియదు.