నియా గుహలకు వెళ్తున్నారా? పొద్దున్నే కాదు, భోజనం చేసి బయల్దేరండి

మా సొంతూరు రాజమండ్రి. ఆరేళ్లుగా బోర్నియో దీవిలో, మలేసియాకు చెందిన సరావాక్ రాష్ట్రంలో, మిరి అనే ఊళ్లో ఉంటున్నాం. ఇంటికి చుట్టాలొచ్చిన ప్రతిసారీ వాళ్లను నియా గుహలకు తీసుకెళ్లేది నేనే. ఇప్పటికి తొమ్మిదిసార్లు వెళ్లాను. మొదటి రెండుసార్లు అందరిలాగే పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేశాను. అలా వెళ్తే, సాయంత్రం గుహ ముఖద్వారం దగ్గర చూడాల్సిన అసలైనది చూడకుండానే వచ్చేసినట్టని మూడోసారి తెలిసింది.

ముందు ఒక మాట. బొర్రా గుహల్లా లోపలంతా లైట్లు, సిమెంటు మెట్లు ఉంటాయని అనుకోకండి. ఇది పక్షులు, గబ్బిలాలు బతికే చోటు. సూప్‌గా వండుకునే పక్షిగూళ్లు కోసి బతికే మనుషులు పనిచేసే చోటు కూడా.

మిరి నుంచి కారులో దాదాపు గంటన్నర, రెండు గంటల దారి. దగ్గరి చిన్న ఊరు బాటు నియా. కౌలాలంపూర్ నుంచి విమానంలో మిరికి వచ్చేవాళ్లు పాస్‌పోర్టు చేతిలోనే ఉంచుకోవాలి. దేశం ఒకటే అయినా సరావాక్‌కు సొంత ఇమ్మిగ్రేషన్ ఉంది, ఇక్కడ మళ్లీ ముద్ర వేస్తారు. పార్కు ఆఫీసులో పేర్లు రాయించి, టికెట్ తీసుకుని, చిన్న పడవలో నియా నది దాటాలి. చిల్లర దగ్గర పెట్టుకోండి. సాయంత్రం చివరి పడవ ఎన్నింటికో, గుహలో ఎంతసేపటి వరకు ఉండనిస్తారో అప్పుడే అడిగేయండి. వీలైతే ఆఫీసు దగ్గరున్న గదుల్లో ఆ రాత్రికి ఉండిపోండి. తిరుగు ప్రయాణం టెన్షన్ ఉండదు.

నది దాటాక అడవిలో మూడు కిలోమీటర్లకు పైగా చెక్కబాట. బాట చదునుగానే ఉంటుంది కానీ వాన పడితే పాకుడు పడుతుంది. అరిగిన చెప్పులతో రాకండి, అడుగు గట్టిగా పట్టే బూట్లు కావాలి. ఉక్కపోతకు పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఒక టోపీ, మార్చుకోవడానికి ఒక చొక్కా చాలు. నేను పులిహోర కట్టి తెస్తాను. దాన్ని గుహలోకి వెళ్లకముందే తినేస్తాం. లోపల తిండి బయటికి తీయకండి. ఉబ్బసం ఉన్నవాళ్లు మాస్కు తప్పక పెట్టుకోవాలి. రెట్ట ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

టార్చి సంగతి నా అనుభవం మీద చెబుతున్నాను. మొదటిసారి ఫోను లైటును నమ్ముకుని వెళ్లాను. గాన్ కిరా అనే చీకటి దారి మధ్యలో ఛార్జింగ్ అయిపోయింది. మా అత్తయ్య నా చెయ్యి పట్టుకుని కదలనంది. వెనక వస్తున్న ఒకాయన వెలుగు చూపిస్తే బయటపడ్డాం. అప్పటి నుంచి తలకు కట్టుకునే లైటు మనిషికొకటి, చేతి టార్చి ఒకటి అదనంగా తెస్తున్నాను. రెయిలింగ్ మీద రెట్ట ఉంటుంది కాబట్టి పాత గ్లౌజులు కూడా.

మొదట వచ్చేది వ్యాపారుల గుహ. పక్షిగూళ్లు కొనడానికి వచ్చేవాళ్లు వేసుకున్న గుడిసెల కర్రలు అక్కడ ఇంకా నిలబడి ఉన్నాయి. అది దాటితే పెద్ద గుహ. దాని పడమటి ముఖద్వారం 60 మీటర్ల ఎత్తు, సుమారు 250 మీటర్ల వెడల్పు. మొదటిసారి చూసినవాళ్లెవరైనా కాసేపు మాట్లాడరు. పక్కనే కంచె వేసిన తవ్వకాల చోటుంది. 1958లో ఇక్కడ తవ్వకాలు జరిపించిన హారిసన్ దంపతుల బృందానికి సుమారు 40 వేల ఏళ్ల నాటి మనిషి పుర్రె దొరికింది అక్కడే. 2024లో యునెస్కో ఈ గుహలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు తల పైకెత్తండి. నోరు మూసుకుని ఎత్తండి, పైనుంచి రెట్ట పడుతుంది. కప్పు నుంచి పొడవాటి కర్రలు వేలాడుతూ కనిపిస్తాయి. అవి బెలియాన్ అనే చేవగల కర్రలు, గూళ్లు తీసేవాళ్ల నిచ్చెనలు. మనిషి వాటిని కాళ్లూ చేతులతో కరుచుకుని కప్పుదాకా ఎక్కుతాడు. చివర గోకుడు బిళ్ల ఉన్న గడతో గూటిని ఊడదీస్తాడు. కింద నిలబడ్డవాడు పడినవాటిని ఏరుతాడు. ఒకసారి మేము వెళ్లినప్పుడు పని జరుగుతోంది. పైన అగ్గిపుల్లంత వెలుగు కదులుతోంది, మనిషి మాత్రం కనిపించలేదు. మా ఆడపడుచు కొడుకు గట్టిగా పిలవబోతే నోరు మూయించాను. అలాంటప్పుడు కేకలు వేయకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు, ఆ కర్రల కింద నిలబడకూడదు. ఫొటో కావాలంటే కిందున్నవాళ్లను అడగండి. భుజాన రెట్ట బస్తాలు మోసుకొచ్చేవాళ్లు ఎదురైతే బాట మీద మీరే పక్కకు తప్పుకోండి. ఎరువుకు అమ్ముకునే బరువది.

ఆ గూళ్లు కట్టేది స్విఫ్ట్‌లెట్. మలయ్‌లో వాలిత్ అంటారు. పిచ్చుకంత పక్షి. కొమ్మ మీద వాలడం దీనికి చేతకాదు, గోడకు అతుక్కుని ఉంటుంది. నాలుక కింది గ్రంథుల నుంచి వచ్చే లాలాజలాన్ని పోగులు పోగులుగా రాతికి అతికిస్తూ గూడు కడుతుంది. ఒక్క గూటికి నెల పైనే పడుతుంది. నియాలో ఎక్కువగా ఉన్నవి నల్లగూటి రకం. వాటి గూళ్లలో ఈకలు కలిసిపోయి ఉంటాయి కాబట్టి పట్టకార్లతో ఒక్కొక్క ఈకా ఏరాలి. అచ్చంగా లాలాజలంతోనే కట్టే తెల్లగూళ్లకు ధర ఇంకా ఎక్కువ. ఈ గూళ్లను పటికబెల్లం వేసి ఆవిరి మీద వండి సూప్‌లా తాగుతారు. గుడ్లు పెట్టకముందే గూడు తీస్తే పక్షి మళ్లీ కట్టుకోగలదు. గుడ్లో పిల్లలో ఉన్న గూడు తీస్తే ఆ తరం పోయినట్టే. అందుకే లైసెన్సు ఉన్నవాళ్లే, అనుమతి ఉన్న రోజుల్లోనే తీయాలి. దొంగచాటుగా తీసేవాళ్ల వల్ల ఇక్కడ పక్షులు బాగా తగ్గిపోయాయి. గుహలోనివంటూ దారిలో ఎవరైనా అమ్మజూపితే కొనకండి. ఈ మాట బతిమాలి చెబుతున్నాను. రుచి చూడాలనుంటే, ఇళ్లలో కట్టించిన గూళ్లు మిరి షాపుల్లో దొరుకుతాయి. వాలిత్‌ల కోసమే కట్టిన, కిటికీల్లేని సిమెంటు ఇళ్లు ఈ ప్రాంతపు ఊళ్లలో చాలా ఉన్నాయి. పక్షి కూతల రికార్డింగులు పెట్టి వాటిని పిలుస్తారు.

గాన్ కిరాలో ఒకచోట ఆగి, అందరూ ఒక్క నిమిషం లైట్లు ఆర్పండి. చీకట్లో టకటకమని చప్పుళ్లు వినిపిస్తాయి, దువ్వెన పళ్ల మీద గోరు గీసినట్టు. గోడలెక్కడున్నాయో ఆ చప్పుడు ప్రతిధ్వనిని బట్టే వాలిత్ తెలుసుకుంటుంది. గబ్బిలాల శబ్దం మన చెవికి దాదాపు అందదు, వీటిది అందుతుంది. మా అత్తయ్య రెండోసారి వచ్చినప్పుడు ఇక్కడే, భయం మరిచిపోయి, ఇంకాసేపు ఉందామంది.

అవతల చిత్రాల గుహ ఉంది. ఎర్ర రంగుతో వేసిన పడవ బొమ్మలు, ఒకప్పుడు శవాలను ఉంచిన పడవ ఆకారపు పెట్టెలు. బొమ్మలు బాగా వెలిసిపోయాయి, కంచె బయటి నుంచే చూడాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దీన్ని వదిలేసి పెద్ద గుహ ముఖద్వారం దగ్గరే కూర్చోవచ్చు.

ఐదున్నరకల్లా మీరూ ఆ ముఖద్వారానికి తిరిగొచ్చేయండి. ఆరు దాటాక వాలిత్‌లు గుంపులుగా లోపలికి వస్తుంటాయి, అదే దారిన గబ్బిలాలు బయటికి పోతుంటాయి. పగటి డ్యూటీ వాళ్లు దిగుతుంటే రాత్రి డ్యూటీ వాళ్లు ఎక్కినట్టుంటుంది. వాన పడే సాయంత్రం గబ్బిలాలు సరిగా రావు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వానలెక్కువ, ఆ నెలల్లో వచ్చేవాళ్లు ఒక రోజు అదనంగా పెట్టుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు పిల్లల్ని మధ్యలో ఉంచుకుని నడవండి. మధ్యలో ఎక్కడైనా ఆగి లైట్లు ఆర్పితే, వానలు పడిన రోజుల్లో, బాట పక్కన కుళ్లిన దుంగల మీద లేత పచ్చగా మెరిసే పుట్టగొడుగులు కనిపిస్తాయి. తాకకండి. చూసి, లైటు వేసుకుని, పడవ టైముకు రేవు చేరుకోండి.