డప్పు వర్క్‌షాపుకి వచ్చేముందు చూసుకోవాల్సినవి

శని, ఆదివారాలు డప్పు నేర్చుకోవడానికి కోనసీమ వస్తున్నవాళ్లకి కొన్ని జాగ్రత్తలు.

అన్నిటికంటే తలనొప్పి తోలుతోనే. చుట్టూ కాలవలు, పైగా గోదావరి గాలి. రాత్రికి రాత్రే తోలు చెమ్మ పట్టి మెత్తబడుతుంది. పొద్దున్నే కొడితే బొద్దుబొద్దుమంటుంది తప్ప మోగదు. అందుకే వాయించేముందు కాచుకోవాలి. ఎండుగడ్డి, కొబ్బరాకుల మంట చాలు. డప్పుని మంటకి ఎడంగా పట్టుకుని తిప్పుతూనే ఉండండి, ఒక్కచోట ఆపొద్దు. మధ్యమధ్యలో వేలితో కొట్టి చూడండి, ఖంగుమనగానే తీసేయండి. ఇంకాస్త మోగాలని ఆశపడితే తోలు చిట్లిపోతుంది. నాది మొదటిరోజే అలా పోయింది! ప్లాస్టిక్ డప్పైతే కాచే పనే లేదు, మంట దగ్గరికి తేవద్దు.

మంట పెట్టేచోట గడ్డివాము, తాటాకు పాక లేకుండా చూసుకోండి. పక్కన బకెట్ నీళ్లు ఉండాలి. చున్నీలు జాగ్రత్త.

డప్పు వాయించే పుల్లలు, అంటే సిర్ర (లావుది), సిటికెన పుల్ల (సన్నది) రెండేసి తెచ్చుకోండి, సన్నపుల్ల ఇట్టే విరుగుతుంది. ఉంగరాలు ఇంట్లోనే వదిలేయండి.

పదిమంది ఒకేసారి వాయిస్తే చెవులు గింగురుమంటాయి. దూదితో లాభం లేదు, ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి.

కోటిపల్లి రేవు దాటి ముక్తేశ్వరం వైపు వచ్చేవాళ్లు వానాకాలంలో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) తిరుగుతోందో లేదో కనుక్కుని బయల్దేరండి. వరదొస్తే ఆపేస్తారు.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాయించకూడదు.

ఇంకోటి, డప్పుని దాటుకుంటూ నడవకండి. నేర్పే పెద్దాయన ఏమీ అనరు గానీ, ముఖం మాత్రం చిన్నబుచ్చుకుంటారు.