రూమ్ చూడకుండా టోకెన్ పంపకండి: ఈ సీజన్‌లో హైదరాబాద్ వచ్చే స్టూడెంట్స్‌కి

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) కౌన్సెలింగ్‌లో సీటొచ్చిన రోజు నుంచి కాలేజీ తెరిచే రోజు వరకు ఉండేది కొద్ది రోజులే, ఆ కొద్ది రోజుల్లోనే కూకట్‌పల్లి, నిజాంపేట్, మియాపూర్, దిల్‌సుఖ్‌నగర్ అన్నిచోట్లా పిల్లలంతా ఒకేసారి రూముల కోసం తిరుగుతుంటారు. మోసగాళ్ళకి కూడా సీజన్ ఇదే. ఖమ్మంలోనో ఒంగోల్లోనో ఉండి, వచ్చి చూసే టైం లేక ఫోన్లోనే ఖాయం చేసేద్దాం అనుకునే పిల్లలే వాళ్ళకి కావాలి.

పోయినేడు మా పిన్ని కొడుక్కి ఇదే జరిగింది. ఆన్‌లైన్‌లో యాడ్ చూశాడు, మియాపూర్ మెట్రో పక్కన టూ బీహెచ్‌కే, మంచాలు ఫ్రిజ్ అన్నీ ఉన్నాయి, అద్దె 9,000, బ్యాచిలర్స్‌కి ఓకే. ఫోన్ చేస్తే అవతలాయన హిందీలో చాలా మర్యాదగా మాట్లాడి, నేను ఆర్మీలో ఉన్నా, జమ్మూకి ట్రాన్స్‌ఫర్ అయింది, నీలాంటి చదువుకునే పిల్లలకి ఇస్తే చాలు బేటా అన్నాడంట. ఐడీ కార్డు కూడా పంపాడు. ముందు ఇల్లు చూడ్డానికి గేట్ పాస్ అని 2,500, తర్వాత ఇంకెవరో అడుగుతున్నారు ఆపుతా అని టోకెన్ 5,000, ఆ తర్వాత ఏదో వెరిఫికేషన్, ఇది కడితే పాతవి కూడా కలిపి వెనక్కొస్తాయి అని 6,500, మొత్తం 14,000 లాగేశాడు. వీడు బ్యాగులు మోస్కుంటూ ఆ ఫ్లాట్‌కి వెళ్ళి బెల్ కొడితే ఒక ఆంటీ తలుపు తీసింది, వాళ్ళ ఫ్యామిలీ ఆరేళ్ళ నుంచి అక్కడే ఉంటోందంట, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, నీకంటే ముందు ఇంకో ఇద్దరు ఇలాగే వచ్చారు నాన్నా అని చెప్పిందంట. ఆ ఐడీ కార్డు ఫోటో తర్వాత నేను జూమ్ చేసి చూశా, పేరు ఒక సైజు అక్షరాల్లో ఉంది, నంబర్ ఇంకో సైజులో ఉంది, ఫోటో అంచున తెల్లగా గీత. పదో క్లాసు పిల్లలు కూడా పట్టేస్తారు, కానీ రూమ్ దొరకదేమో అన్న కంగారులో ఉన్నవాడికి అవన్నీ కనపడవు.

అందుకే రూమ్‌లో మీరు స్వయంగా నిలబడేదాకా ఒక్క రూపాయి కూడా పంపకండి. గేట్ పాస్, విజిటింగ్ ఛార్జీ, రిజిస్ట్రేషన్ ఫీజు, ఏ పేరు పెట్టినా సరే. ఇల్లు చూపించడానికే డబ్బులడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయండి. క్యూఆర్ కోడ్ పంపి దీన్ని స్కాన్ చేస్తే నీకే డబ్బులొస్తాయి అంటే అది పక్కా మోసం, యూపీఐలో మన పిన్ కొట్టామంటే డబ్బు మన అకౌంట్ నుంచి పోవడమే, రావడానికి పిన్ అక్కర్లేదు.

మీరు రాలేకపోతే హైదరాబాద్‌లో ఉండే సీనియర్‌నో చుట్టాలబ్బాయినో పంపండి. ఎవరూ లేకపోతే వీడియో కాల్ అడగండి, ముందే తీసిన వీడియో పంపిస్తే ఒప్పుకోకండి, కాల్‌లో ఉండగానే వంటింట్లో కుళాయి తిప్పమనండి, బాల్కనీలోంచి రోడ్డు చూపించమనండి. అంతా బాగున్నా సరే, డబ్బులు మాత్రం వచ్చి చూశాకే.

నేరుగా వెళ్ళి చూసినా మోసపోయేవాళ్ళున్నారు, ఇది ఎక్కువమందికి తట్టదు. అద్దెకుండేవాడే ఓనర్‌నని చెప్పి ఒకే పోర్షన్ ముగ్గురు నలుగురికి చూపించి, అందరి దగ్గరా రెండు నెలల అడ్వాన్స్ తీస్కుని మాయమైపోతాడు. కాబట్టి కరెంటు బిల్లు అడగండి, దాని మీద పేరు, యూఎస్‌సీ నంబర్ (కరెంటు కనెక్షన్ నంబర్) ఉంటాయి. ఇంటి పన్ను రసీదు మీద పీటీఐఎన్ నంబర్ (ఆ ఇంటి పన్ను నంబర్) ఉంటే మున్సిపల్ కార్పొరేషన్ సైట్‌లో కొట్టి ఓనర్ పేరు చూస్కోవచ్చు. కొన్ని ఇళ్ళకి ఇంకా బిల్డర్ పేరో పాత ఓనర్ పేరో ఉండిపోతుంది, అంతమాత్రాన మోసం అనుకోనక్కర్లేదు గానీ అప్పుడు సేల్ డీడ్, అంటే ఇల్లు కొన్న కాగితం, చూపించమనండి. అన్నిటికంటే సులువైన పని, వాచ్‌మన్‌ని, ఎదురింటివాళ్ళని, కింద కిరాణా కొట్టాయన్ని ఈ ఇల్లు ఎవరిది అని అడగడం. అడ్వాన్స్ పంపేటప్పుడు ఫోన్‌లో కనపడే పేరు, ఓనర్ పేరు ఒకటేనా చూడండి, వేరే పేరొస్తే ఎందుకో తెలిసేదాకా ఆగండి. క్యాష్ ఇవ్వాల్సొస్తే సంతకంతో రసీదు తీస్కోండి.

లీజు పేరుతో నాలుగైదు లక్షలు కట్టండి, నెలనెలా అద్దె ఉండదు అనే మధ్యవర్తుల జోలికి స్టూడెంట్స్ అస్సలు పోవద్దు. మీ డబ్బు తీస్కుని నెలనెలా ఓనర్‌కి అద్దె కట్టాల్సింది ఆ మధ్యవర్తే, వాడు కట్టడం ఆపేస్తే ఖాళీ చెయ్యమని మీ తలుపే కొడతారు.

అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకి రాస్తారు. అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు, నోటీసు ఎన్ని రోజులు, మెయింటెనెన్స్ ఎవరిది, అన్నీ అందులో రాయించండి, నోటిమాటకి తర్వాత విలువుండదు. దిగిన రోజే మీటర్ రీడింగ్, గోడల మీద పగుళ్ళు ఫోటో తీస్కోండి. ఇల్లు ఖాయం కాకముందే ఆధార్ పంపేయకండి, మీ కార్డుతోనే ఇంకొకర్ని మోసం చేస్తారు, తప్పనిసరైతే చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆడపిల్లలు ఒంటరిగా, చీకటి పడ్డాక రూమ్ చూడ్డానికి వెళ్ళొద్దు, ఓనర్‌కి పగలు కుదరదంటే ఆ ఇల్లు వదిలేయండి.

ఒకవేళ డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కంప్లైంట్ పెట్టండి, బ్యాంకుకీ చెప్పండి. ట్రాన్సాక్షన్ నంబర్, స్క్రీన్‌షాట్లు, వాడి నంబర్, చాట్ ఏదీ డిలీట్ చెయ్యొద్దు. పోయిన డబ్బు తెప్పిస్తాం, ఫీజు కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే అది రెండో మోసం. మా వాడు నాన్న తిడతాడని భయపడి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు, మేం కంప్లైంట్ ఇచ్చేసరికి ఆ అకౌంట్‌లో డబ్బు లేదు. తీరా చెప్తే బాబాయి తిట్టనే లేదు, ముందు అన్నం తిన్నావా అనడిగాడు.