తెలిసినవారి ఫ్యాక్టరీలో షేర్లు తీసుకునే ముందు

సంక్రాంతి వెళ్లి, ధాన్యం డబ్బు చేతికి అందే రోజుల్లో మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఇళ్లలో ఒక ప్రస్తావన తరచుగా వస్తుంది. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోనో, పైడిభీమవరంలోనో, పలాసలోనో దగ్గరివారొకరు చిన్న పరిశ్రమ నడుపుతుంటారు. ఇంకో షెడ్డు వేయాలి, ఇంకో యంత్రం తేవాలి. "అప్పు అడగడం లేదు బాబాయ్, షేర్లు ఇస్తాం. మీరూ కంపెనీలో యజమానులే" అంటారు. మార్చి 31 లోగా వేస్తే మంచిదని తొందర కూడా పెడతారు. ఉద్యోగ విరమణ సొమ్ము, భూమికి వచ్చిన పరిహారం, అమ్మాయి పెళ్లికని దాచినది ఇలాగే బయటికి వెళ్తాయి.

మా పెదనాన్న సొమ్మూ అలాగే వెళ్లింది. ఆయన స్కూలు మాస్టారు. రిటైరయ్యాక ఒక ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కు తయారీలో కలిపే మిశ్రమ లోహాలు) యూనిట్‌లో 10,000 షేర్లు తీసుకున్నారు. షేరు ముఖవిలువ 10 రూపాయలు, దాని మీద అదనంగా కట్టిన ప్రీమియం 30, మొత్తం 4 లక్షలు. ఆయన పోయాక ట్రంకు పెట్టెలో పట్టుపంచె మడతల కింద ఆ సర్టిఫికెట్లు దొరికాయి. అప్పటికే ఆ యూనిట్‌లో ఖనిజం కరిగించే ఫర్నేస్ ఆగి చాలా కాలమైంది. షెడ్డూ యంత్రాలూ బ్యాంకు అమ్మేసింది. ఇందులో మోసం లేదు. ఆ యజమాని నిజాయితీపరుడే. కరెంటు చార్జీ పెరిగింది, ఖనిజం ధర పెరిగింది, సరుకు ధర పడిపోయింది. ఆయన తన ఇల్లు కూడా పోగొట్టుకున్నాడు.

అందుకే ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. షేర్ల మాట వచ్చినప్పుడు మనవాళ్లు "మనిషి ఎలాంటివాడు?" అని నలుగురినీ విచారిస్తారు. మంచివాడని తేలగానే చెక్కు రాసేస్తారు. మంచివాడి ఫర్నేస్ కూడా ఆగుతుంది. కంపెనీ దివాలా తీస్తే ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బు ముందు ఆ ప్రక్రియ ఖర్చులకు, తర్వాత కార్మికుల బకాయిలకు, తనఖా పెట్టుకున్న బ్యాంకులకు, ఆపైన మిగతా అప్పులకు వెళ్తుంది. మామూలు షేరుదారుడి వంతు అన్నిటికంటే చివరిది. విచారించాల్సింది మనిషి గుణం ఒక్కటే కాదు, ఫ్యాక్టరీ గురించి కూడా.

ముందుగా, మీకు ఇస్తున్నది నిజంగా షేరేనా అన్నది తేల్చుకోండి. "షేర్లే, కానీ నెలకు నూటికి రెండు రూపాయలు ఖాయం" అంటే అది షేరు కాదు, డిపాజిట్. అనుమతి లేని డిపాజిట్లను 2019 చట్టం నిషేధించింది. షేరులో ఏదీ ఖాయం కాదు. ప్రైవేట్ కంపెనీ షేర్ల కోసం ఊరందరినీ పిలవకూడదు. ప్రైవేట్ ప్లేస్‌మెంట్ పద్ధతిలో ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించకుండా, పేరుపేరునా ఆఫర్ పత్రం ఇవ్వాలి. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోవాలి, నగదు పనికిరాదు. డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. లేకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ఆ గడువూ దాటితే 12 శాతం వడ్డీ కట్టాలి. 10 రూపాయల షేరును 40కి ఇస్తుంటే, ఆ ధర నిర్ణయించిన రిజిస్టర్డ్ వాల్యూయర్ నివేదిక అడిగి చదవండి. "మనలో మనకు కాగితాలెందుకు" అనే మాట వినబడితే అక్కడే ఆగిపోండి.

తర్వాత ఫ్యాక్టరీకి వెళ్లండి, భోజనానికి పిలిచిన రోజున కాకుండా మామూలు పని రోజున. కిందటేడు మా బావమరిదితో కలిసి అలా ఒక యూనిట్‌కు వెళ్లాను. నెలకు 500 టన్నుల సిలికో మాంగనీస్ (ఒక రకం ఫెర్రో అల్లాయ్) తీస్తున్నామని చెప్పారు. కరెంటు బిల్లు చూపించమని అడిగాను. అకౌంటెంట్ కొంచెం తటపటాయించి ఫైలు తెచ్చారు. బిల్లులో 12 లక్షల యూనిట్లున్నాయి. సిలికో మాంగనీస్ టన్నుకు దాదాపు 4,000 యూనిట్ల కరెంటు పడుతుంది. అంటే ఆ ఫర్నేస్ నుంచి వచ్చింది 300 టన్నులు. మిగతా 200 టన్నులు ఏమిటని అడిగితే, బయట కొని అమ్మినదని చెప్పారు. అది తప్పేమీ కాదు, కానీ అది తయారీ కాదు, వ్యాపారం. మిగిలేది తక్కువ. మేం తయారీ లాభాన్ని లెక్క వేసుకుని వెళ్లాం. అదే బిల్లులో అడుగున పాత బకాయి అంకె కూడా ఉంది. దాని సంగతి మాకెవరూ అంతవరకు చెప్పలేదు. ఒక్క బిల్లుతో సరిపెట్టుకోకుండా 12 నెలల బిల్లులు వరసగా పెట్టి చూడండి. ఏ నెలలో ఫర్నేస్ ఆగిందో మీకే తెలుస్తుంది.

గేటు బయట టీ కొట్టు దగ్గర కాసేపు కూర్చుంటే, జీతాలు ఏ తేదీకి పడుతున్నాయో కార్మికుల మాటల్లో వినబడుతుంది. పీఎఫ్ నెలనెలా కడుతున్నారో లేదో, ఎంతమందికి కడుతున్నారో ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో సంస్థ పేరుతో వెతికి చూడవచ్చు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఏ తేదీతో ముగుస్తుందో కూడా అడగండి, ముఖ్యంగా పైడిభీమవరం చుట్టుపక్కల రసాయన యూనిట్ల విషయంలో.

కాగితాల్లో నేను ముందు చూసేది లాభం కాదు, రావలసిన బాకీలు. ఉదాహరణకు లాభం 80 లక్షలు రాశారు. కానీ కొన్నవారి దగ్గరి నుంచి రావలసినది ఏడాదిలో 1 కోటి నుంచి 2 కోట్ల 60 లక్షలకు పెరిగింది. అంటే ఆ లాభం ఇంకా ఎవరి చేతికీ రాలేదు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో 100 రూపాయలు కడితే కంపెనీ దాఖలు చేసిన బ్యాలెన్స్ షీట్లు చూడవచ్చు. ఏ బ్యాంకుకు ఏమి తనఖా పెట్టారో కూడా అక్కడే ఉంటుంది. కిందటేడు లెక్కలు దాఖలే కాలేదంటే కారణం అడగాలి. రోజువారీ నడకకు బ్యాంకు ఇచ్చే అప్పు (వర్కింగ్ క్యాపిటల్) పరిమితి 5 కోట్లు దాటిన కంపెనీ బ్యాంకుకు ఇచ్చిన స్టాక్ లెక్కలు పుస్తకాలతో సరిపోతున్నాయో లేదో ఆడిటర్ తన నివేదిక అనుబంధంలో రాయాలి. నివేదికలో ఎవరూ చదవని పేజీ అది. మీరు చదవండి.

జీడిపప్పు యూనిట్ అయితే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. పలాస చుట్టుపక్కల ఉద్దానం తోటల జీడి పిక్కలు మార్చి నుంచి వేసవిలో వస్తాయి. అప్పుడే కొని నిల్వ పెట్టుకోవాలి, అప్పు కూడా అప్పుడే పెరుగుతుంది. మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్‌లో ఆ బరువు పూర్తిగా కనిపించదు. అందుకే సెప్టెంబరు నాటి అప్పు అడగాలి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలానికి గోదాము సరుకు మీద బీమా ఉందో లేదో పాలసీ చేతిలోకి తీసుకుని చూడాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చేసిన నష్టం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. జూట్ మిల్లు అయితే ధాన్యం సంచుల ప్రభుత్వ కొనుగోళ్ల మీద ఎంత ఆధారపడిందో అడిగితే చాలు, సగం కథ తెలిసిపోతుంది.

"డైరెక్టర్‌గా కూడా ఉండండి మామయ్యా, గౌరవంగా ఉంటుంది" అని అడిగితే ఒప్పుకోకండి. చిన్న కంపెనీల అప్పులకు బ్యాంకులు డైరెక్టర్ల చేత సొంత హామీ సంతకాలు పెట్టిస్తాయి. షేరుదారుడిగా ఉంటే పెట్టిన డబ్బుతో నష్టం ఆగుతుంది. హామీదారుడైతే ఇంటి మీదికి వస్తుంది. కంపెనీ వరసగా 3 ఏళ్లు లెక్కలు దాఖలు చేయకపోతే డైరెక్టర్లందరూ 5 ఏళ్లపాటు ఏ కంపెనీలోనూ ఆ పదవికి పనికిరారు.

డబ్బు వెనక్కి ఎలా వస్తుందో డబ్బు ఇవ్వకముందే అడగాలి. ప్రైవేట్ కంపెనీ షేరును ఇష్టమొచ్చినవారికి అమ్ముకోవడం కుదరదు, నియమావళిలోనే ఆంక్షలుంటాయి. ఎవరు కొంటారు, ఏ లెక్కన, ఎన్నాళ్లకు అన్నది ఒప్పందంలో రాయించుకోండి. "రెండేళ్లలో ఐపీఓకు వెళ్తాం", అంటే షేర్లను స్టాక్ మార్కెట్‌లో జనానికి అమ్ముతాం అనేది ఆశే తప్ప హామీ కాదు. 2025లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ బిగించిన నిబంధనల ప్రకారం చిన్న, మధ్యతరహా కంపెనీ (ఎస్‌ఎంఈ) ఐపీఓకు రావాలంటే గత 3 ఆర్థిక సంవత్సరాల్లో కనీసం 2 ఏళ్లు 1 కోటి రూపాయల చొప్పున నిర్వహణ లాభం ఉండాలి. ఐపీఓలో వచ్చిన డబ్బుతో ప్రమోటర్ల (కంపెనీ యజమానుల) దగ్గర తీసుకున్న అప్పు తీర్చకూడదు. మార్కెట్‌లో లిస్టయ్యాక కూడా ఎస్‌ఎంఈ షేర్లను విడివిడిగా కాక లాట్ల (కట్టల) లెక్కనే అమ్మాలి. ఆ రోజు కొనేవాడు ఉంటేనే అమ్ముడవుతాయి.

వ్యవసాయానికి, మందులకు, పిల్లల చదువులకు కావలసిన డబ్బు ఇందులో పెట్టకండి. మా పెదనాన్న పెట్టినది ఆయనకున్న మొత్తంలో సగానికి పైగా ఉంటుంది. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

షేర్లు తీసుకున్నారా, వీలైతే డీమ్యాట్ (కాగితం లేని ఎలక్ట్రానిక్) రూపంలోనే తీసుకోండి, నామినీ పేరు ఆ రోజే రాయించండి. ఆఫర్ పత్రం, చెక్కు నకలు, ఒప్పందం ఒక కవరులో పెట్టి, అది బీరువాలో ఏ అరలో ఉందో ఇంట్లో ఇద్దరికి చూపించండి. మా పెద్దమ్మకు ఆ 4 లక్షల సంగతి ట్రంకు పెట్టె తెరిచిన రోజు దాకా తెలియదు.