దిగిన మొదటి రోజు: తెలియని చోటికి సొంతంగా వెళ్లేవాళ్లకు

గైడూ టూర్ ప్యాకేజీ లేకుండా కొత్త చోటికి బయల్దేరేవాళ్లు చాలామంది పది రోజులకూ గంటగంటకు ప్లాన్ రాసుకుంటారు. బండి దిగాక మొదటి గంటలో ఏం చేయాలన్నది మాత్రం రాసుకోరు. తిప్పలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. నిద్ర చాలక ఒళ్లు తూలుతుంటుంది, రెండు చేతులా సామాను, ఫోన్‌లో నెట్ రాదు, జేబులో అక్కడి డబ్బు ఉండదు, దేనికెంత ఇవ్వాలో తెలీదు. మోసగాళ్లు కాచుకునేదీ ఆ గంట కోసమే. అందుకని మొదటి రోజును బిగించి కట్టుకోండి, మిగతావి వదులుగా ఉన్నా ఫర్వాలేదు.

బిగింపు టికెట్ దగ్గరే మొదలవ్వాలి. చీకటి పడటానికి కనీసం 3 గంటల ముందు చేరే బండి చూసుకోండి, ధర కాస్త ఎక్కువైనా సరే. అర్ధరాత్రి దిగక తప్పదంటే, ఆ ఒక్క రాత్రికీ స్టేషన్‌కో ఎయిర్‌పోర్టుకో దగ్గర్లో గది తీసుకుని, ఎన్నింటికి వస్తారో వాళ్లకు ముందే మెసేజ్ పెట్టండి. చిన్న బసల్లో రాత్రిపూట తలుపు తీసే మనిషి ఉండకపోవచ్చు.

అర్ధరాత్రి దాటిన టైములు చదువుకున్నవాళ్లను కూడా బోల్తా కొట్టిస్తాయి. 14వ తేదీ 00.20కి విమానం అంటే 13 రాత్రి భోంచేసి ఎయిర్‌పోర్టుకు బయల్దేరాలి. 14 రాత్రి వెళ్తే అది ఎగిరిపోయి ఒక రోజు అవుతుంది. గదికీ ఇదే లెక్క. 14 తెల్లవారుజామున 2 గంటలకు దిగేవాళ్లు 13వ తేదీకి గది బుక్ చేసుకోవాలి, లేదంటే మధ్యాహ్నం దాకా బ్యాగు మీద కూర్చోవడమే. 04/05 అని కనిపిస్తే అది మే 4 కావచ్చు, ఏప్రిల్ 5 కూడా కావచ్చు. నెల పేరు అక్షరాల్లో కనిపించే దాకా డబ్బు కట్టకండి.

వేరే దేశమైతే పాస్‌పోర్టుకు ఇంకా 6 నెలల గడువు, కనీసం 2 ఖాళీ పేజీలు ఉన్నాయేమో చూసుకోండి. చాలా దేశాలు ఇంత అడుగుతాయి. తిరుగు టికెట్ గురించి మొదట అడిగేది ఇమిగ్రేషన్ వాళ్లు కాదు, ఎయిర్‌లైన్ కౌంటర్‌లో వాళ్లే. అవతలి దేశం రానివ్వకపోతే మనిషిని వెనక్కి తెచ్చే భారం వాళ్ల మీదే పడుతుంది కాబట్టి ఆ అడగడం గట్టిగానే ఉంటుంది. చవగ్గా వస్తుందని రెండు వేర్వేరు టికెట్లు కొని మధ్యలో విమానం మారేవాళ్లకు ఇంకో చిక్కుంది. మధ్య దేశంలో ఇమిగ్రేషన్ దాటి బ్యాగు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి రావచ్చు, దానికి వీసా కావాల్సి రావచ్చు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం సాధారణంగా మీదే.

ఫోన్ సంగతి బయల్దేరే ముందే, ఇంట్లో వైఫై ఉండగానే తేల్చేయండి. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, మ్యాప్ ముందే దించి ఉంటే చాలు. కొత్త చోట మొదటిసారి ఆకాశం కనిపించే చోట కొన్ని నిమిషాలు ఆగితే మ్యాప్‌లో మిమ్మల్ని చూపే చుక్క సరైన చోటికి వస్తుంది. గూగుల్ మ్యాప్స్ నెట్ లేనప్పుడు కారు దారి చూపిస్తుంది కానీ నడక దారి, బస్సు దారి చూపించదు. నడకకు ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లు మేలు. బస అడ్రస్‌ను అక్కడి లిపిలో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పక్కనున్న గుర్తుతో సహా. ఒకే పేరుతో రెండు మూడు హోటళ్లుండటం మామూలే. బ్యాంకు ఓటీపీలు పాత నంబరుకే వస్తాయి కదా, ఆ సిమ్‌కు మెసేజ్‌ల రోమింగ్ ఉందో లేదో కనుక్కుని, దాని డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. మెసేజ్‌ల రోమింగ్ సంగతి మర్చిపోతే ఓటీపీ రాక, చేతిలో కార్డున్నా ఆన్‌లైన్‌లో టికెట్ కొనలేరు.

పవర్‌బ్యాంక్ చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. సాధారణ పరిమితి 100 వాట్ అవర్లు. 20,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీని 3.7 వోల్టులతో గుణించి 1,000తో భాగిస్తే 74 వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. ఛార్జర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది. అలా రాసి లేని హెయిర్ డ్రయ్యర్లూ ఇస్త్రీపెట్టెలూ కాలిపోయేది ఇక్కడే.

డబ్బు విషయానికొస్తే, రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు, రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. ఏటీఎం వాడితే బ్యాంకును ఆనుకుని ఉన్నదే, బ్యాంకు తెరిచి ఉన్న వేళలో వాడండి. మిషన్ కార్డు మింగేస్తే లోపలికి వెళ్లి అడగొచ్చు. "మీ దేశపు కరెన్సీలో తీసుకోమంటారా?" అని తెర మీద అడిగితే వద్దనండి. అది సాయంలా కనిపిస్తుంది కానీ మారకం రేటు ఏటీఎం వాళ్లు వేసుకున్నది, మీ బ్యాంకు రేటు కంటే దాదాపు ఎప్పుడూ ఎక్కువే. దుకాణాల్లో కార్డు గీసేటప్పుడూ ఇదే ప్రశ్న వస్తుంది. తీసిన పెద్ద నోట్లలో ఒకదాన్ని అక్కడే ఏదైనా కొని చిల్లర చేసుకోండి. చిల్లర లేనివాడితో బేరం టాక్సీ డ్రైవర్‌కు సులువు.

బయటికి రాగానే తనంతట తాను మీ దగ్గరికొచ్చే మనిషిని వదిలేయండి. మీరే వెళ్లి, కౌంటర్‌లో కూర్చున్నవాణ్ణి అడగండి. టాక్సీకి సుమారు ఎంతవుతుందో బస వాళ్లను ముందు రోజే అడిగి పెట్టుకోవాలి. ఎక్కే ముందు నాలుగు తేల్చుకోండి: మనిషికా బండికా, సామానుకు వేరేనా, టోల్ ఎవరిది, ఏ కరెన్సీలో. అంకెను ఫోన్‌లో కొట్టి చూపిస్తే ఫిఫ్టీనా ఫిఫ్టీయా అన్న గొడవుండదు. "ఆ హోటల్ మూసేశారు" అంటే వాదించకుండా అక్కడే హోటల్‌కు ఫోన్ చేయండి. బ్యాగు డిక్కీలో కాకుండా పక్కన సీటులో పెట్టుకుంటే మేలు. డిక్కీలోనే పెడితే, అది చేతికొచ్చాకే డబ్బివ్వండి.

దారి అడగడంలో ఒక కిటుకుంది. "ఈ బస్సు స్టేషన్‌కు వెళ్తుందా?" అని అడిగితే భాష అర్థం కానివాళ్లూ మొగమాటానికి తలూపేస్తారు. "స్టేషన్‌కు వెళ్లే బస్సు ఏది?" అని అడిగితే తెలిసినవాళ్లే చెయ్యి చూపిస్తారు. రెండో మనిషిని కూడా అడగండి, అదీ మొదటి మనిషికి వినపడనంత దూరంలో. పక్కనే ఉంటే ఆయన మాటనే ఈయనా అంటాడు.

మొదటి సాయంత్రం చూడాల్సిన చోట్ల జోలికి పోకండి. బస చుట్టూ కిలోమీటరు మేర వెలుతురుండగా ఒక చుట్టు తిరిగి రండి. మందుల షాపు, ఏటీఎం, బస్టాపు, ఆఖరి బస్సు ఎన్నింటికి. రాత్రి అదే వీధి వేరేలా కనిపిస్తుంది కాబట్టి మలుపుల దగ్గర వెనక్కి తిరిగి ఒకసారి చూసుకుంటూ నడవండి.

నీళ్ల మీద నమ్మకం లేకపోతే తెర్లేలా ఒక నిమిషం మరిగించాలి. 2,000 మీటర్లు దాటిన చోట నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి 3 నిమిషాలు. విరేచనాలు పట్టుకుని ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే మేలు పోయి కీడవుతుంది. 3,000 మీటర్ల పైన, నిద్రపోయే చోటు రోజుకు 500 మీటర్ల కంటే ఎత్తు పెరగకూడదు. తలనొప్పీ వాంతీ కలిసి వస్తే పైకి ఎక్కడం ఆపండి. నడక తడబడితే ఎంత రాత్రైనా కిందికి దిగడమే మందు.

పాస్‌పోర్టు పోతే ముందు పోలీసుల దగ్గర కాగితం రాయించుకోవాలి, ఆ తర్వాత మీ రాయబార కార్యాలయం. అక్కడ అత్యవసర ప్రయాణ పత్రం ఇస్తారు. దానికి కావాల్సిన పాస్‌పోర్టు జిరాక్స్, వీసా పేజీ జిరాక్స్, రెండు ఫొటోలు పాస్‌పోర్టు ఉన్న బ్యాగులోనే పెట్టుకుంటే అవీ దాంతోనే పోతాయి. వాటికి వేరే బ్యాగు చూడండి, ఒక కాపీ మీ మెయిల్‌కే పంపుకోండి, ఆ మెయిల్ పాస్‌వర్డ్ ఫోన్ లేకుండా కూడా గుర్తుండేది అయ్యుండాలి.