కారు ప్లాంటు మూతపడ్డాక జిల్లా ప్లాన్ కదలట్లేదా? ముందు ఇన్‌వాయిస్‌లు బయటికి తీయండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చిన్న పరిశ్రమల సంఘాలు నడిపేవాళ్లు, పరిశ్రమల శాఖలో ప్రణాళికలు రాసేవాళ్లు, యూనిట్లకి లోన్లు ఇచ్చే బ్యాంకు మేనేజర్లు, పెద్ద ఫ్యాక్టరీ పక్క ఊళ్ల సర్పంచులు చదువుతారని రాస్తున్నాను. పెద్ద ప్లాంటు మూతపడితే దాని మీద బతికే మనుషులకి, యూనిట్లకి వేరే దారి చూపించే జిల్లా ప్లాన్ గురించి ఇది. టైర్-1 అంటే కారు కంపెనీకి నేరుగా సరుకిచ్చే సప్లయర్ అని మీకు తెలుసు, మళ్లీ విడమర్చను.

మన దగ్గర ఏదో మూతపడబోతోందని కాదు. శ్రీసిటీలో ఇసుజు ప్లాంటు 2016లో మొదలైంది, సత్యవేడు మండలం మాదన్నపాలెంలో హీరో బైకుల ప్లాంటు ఉంది, చినపాండూరులో అపోలో టైర్లు 2020 నుంచి ఉన్నాయి. కానీ తడ దాటి చెన్నై వైపు సరుకు పంపి బతికే యూనిట్లు మన దగ్గర తక్కువేం లేవు. 2021 సెప్టెంబర్ 9న ఫోర్డ్ ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది. చెన్నై దగ్గర మరైమలైనగర్ ప్లాంటులో 2022 జులైకల్లా లైను ఆగిపోయింది. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ నాకు వచ్చే ఫోన్లు ఒకే రకం: "సార్, ప్లాన్ ఉంది, కమిటీ ఉంది, ఫండ్ కూడా వచ్చింది. పని మాత్రం కావట్లేదు."

కమిటీ మీటింగులు ఎన్ని పెట్టారని నేను అడగను. యూనిట్ల ఇన్‌వాయిస్‌లు ఎవరైనా చూశారా అని అడుగుతాను. చూసినవాళ్లు దాదాపు ఉండరు.

లక్షణం: లిస్టులో ఉన్న అందరికీ ఏదో ఒక దారి చూపించాం. అయినా అద్దె ఇళ్లు ఖాళీ, హోటళ్లలో బేరం లేదు

కారణం: మీ లిస్టు గేటు లోపల పర్మనెంట్ ఉద్యోగులది. కాంట్రాక్ట్ లేబర్, క్యాంటీన్, బస్సుల డ్రైవర్లు, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ అందులో లేరు. సెటిల్‌మెంట్ చర్చల్లోనూ వాళ్ల ఊసు ఉండదు, కాబట్టి పేపర్లోనూ రాదు.

పరిష్కారం సులువే. కాంట్రాక్టర్లు నెలనెలా పీఎఫ్‌కి అప్‌లోడ్ చేసే ఈసీఆర్ (ఎవరికి ఎంత పీఎఫ్ కట్టారో చూపే రిటర్ను) కాపీలు ప్రిన్సిపల్ ఎంప్లాయర్, అంటే ప్లాంటు కంపెనీ దగ్గర ఉంటాయి. మూతకి ముందు పన్నెండు నెలలవి అడిగి తీసుకోండి. మూతపడ్డాక అడిగితే హెచ్ఆర్‌లో ఫోన్ ఎత్తేవాళ్లే ఉండరు. ఇది రెండు రోజుల పని. ఇది కూడా చేయకుండా "సర్వే ఏజెన్సీకి టెండర్ పిలుద్దాం" అనేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

లక్షణం: లెక్కల్లో జిల్లాలో అన్ని రకాల పరిశ్రమలూ ఉన్నాయి. అయినా ప్లాంటు మూతపడ్డ కొన్ని నెలలకి సంబంధం లేని యూనిట్లు ఒక్కొక్కటీ ఆగిపోతున్నాయి

ఈ గైడు రాయడానికి అసలు కారణం ఇదే. మిగతా తప్పులన్నీ పైకి కనిపిస్తాయి, ఇది కనిపించదు.

సత్యవేడు వైపు ఒక ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ ఉంది. ఓనరు ధీమాగా చెప్పాడు: "ముగ్గురు కస్టమర్లు సార్. ఒకరు పోయినా ఇద్దరుంటారు." నిజమే, పుస్తకాల్లో ముగ్గురున్నారు. ఒకరు లైట్లు చేస్తారు, ఒకరు డ్యాష్‌బోర్డు, ఒకరు డోర్ ప్యానెళ్లు. బ్యాంకుకి ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్లో కూడా ముగ్గురు వేర్వేరు బాకీదార్లు. మౌల్డులు (ప్లాస్టిక్ పోసే అచ్చులు) పెట్టిన ర్యాక్ దగ్గరికి తీసుకెళ్లమన్నాను. ప్రతి మౌల్డుకి పక్కన రివెట్లు కొట్టిన చిన్న అల్యూమినియం ప్లేటు ఉంటుంది, నూనె, దుమ్ము పట్టి ఉంటుంది. గుడ్డ పెట్టి తుడిస్తే అసెట్ నంబరు, సొంతదారు పేరు కనిపిస్తాయి. మూడు కంపెనీల మౌల్డుల మీదా సొంతదారు పేరు ఒక్కటే: కారు కంపెనీ. ముగ్గురు కస్టమర్లూ ఒకే ప్లాంటుకి, ఒకే మోడల్‌కి ఇచ్చేవాళ్లే. ఓనరు ఇన్నేళ్లూ ఆ ప్లేట్లని చూడలేదని కాదు, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఇదే తంతు జిల్లా స్థాయిలో జరుగుతుంది. జీఎస్టీలో ప్రతి రకం సరుకుకీ హెచ్ఎస్ఎన్ అనే కోడ్ ఉంటుంది, కారు విడిభాగాలది 8708. "ఆటోమొబైల్ మీద ఎంతమంది ఆధారపడ్డారు" అని లెక్క తీసేవాళ్లు ఆ ఒక్క కోడ్ చూసి ఆపేస్తారు. కానీ కారులోకి వెళ్లే ప్లాస్టిక్ క్లిప్పు 3926 కింద బిల్ అవుతుంది, రబ్బర్ బుష్ 4016 కింద, బోల్టు 7318 కింద, వైరింగ్ 8544 కింద. కాగితం మీద ఇవి ప్లాస్టిక్, రబ్బర్, ఫాస్టెనర్లు, ఎలక్ట్రికల్. మన జిల్లాలో అన్ని రంగాలూ ఉన్నాయని రిపోర్టు వస్తుంది, అన్నీ ఒకే గేటుకి కట్టేసి ఉన్నాయని అందులో ఎక్కడా రాదు.

చెరకు ఫ్యాక్టరీలతో పోల్చి చూడండి. చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ, గాజులమండ్యం ఫ్యాక్టరీ ఆగిపోయినప్పుడు దెబ్బ ఎవరికి తగిలిందో అందరికీ తెలుసు. సభ్యుల రిజిస్టరు ఉంది, ఏ ఊళ్లో ఏ రైతు ఎన్ని టన్నులు తోలాడో రాసి ఉంది. కారు వ్యాపారంలో అలాంటి రిజిస్టరు లేదు. కారు కంపెనీకి తన టైర్-1 తెలుసు, టైర్-1కి తన కింద ఉన్నవాడు తెలుసు, ఆ కిందివాడి దగ్గర జాబ్‌వర్క్ చేసే లేత్ షాపు సంగతి ఎవరికీ పట్టదు.

దీని మీద ఇంకో మాయ ఉంది. మూతకి ముందు నెలల్లో ఈ యూనిట్ల టర్నోవర్ తగ్గదు, చాలాసార్లు పెరుగుతుంది. అమ్మేసిన కార్లకి ఇంకా ఏళ్ల తరబడి స్పేర్లు ఇవ్వాలి కాబట్టి, లైను ఆపేముందు కంపెనీ స్పేర్ల స్టాకు ఒకేసారి చేయించుకుంటుంది. షెడ్యూల్ (కంపెనీ పంపే నెలవారీ ఆర్డరు) పెరిగింది, ఓవర్‌టైమ్ నడుస్తోంది, ఓనరు హుషారుగా ఉన్నాడు. సరిగ్గా అప్పుడే సీసీ (రోజువారీ వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ లోను) రెన్యువల్‌కి వస్తే బ్యాంకు లిమిట్ పెంచుతుంది కూడా. ఆ తర్వాత షెడ్యూల్ సున్నా. వడ్డీ కట్టకుండా 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. జిల్లా కమిటీ రెండో మీటింగ్ పెట్టేలోపు ఇదంతా అయిపోతుంది.

పరిష్కారం: ప్రతి యూనిట్ నుంచి ఒక పట్టిక తీసుకోవాలి. పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఎక్సెల్ చాలు. పార్టు పేరు, హెచ్ఎస్ఎన్ కోడ్, ఎవరికి బిల్లు, చివరికి ఏ బండిలోకి వెళ్తుంది, మౌల్డు లేదా డై ఎవరిది, ఏ మెషిన్ మీద నడుస్తుంది, ఎన్ని టన్నుల మెషిన్ (అచ్చుని నొక్కి పట్టే బలం). ఇంకో కాలమ్ కూడా పెట్టించండి: బండికి ఇంజిన్ లేకపోతే ఈ పార్టు ఉంటుందా? సైలెన్సర్, ఫ్యూయల్ పైపు చేసేవాళ్ల పరిస్థితి వేరు, సీటు, అద్దం, బ్రేకు చేసేవాళ్ల పరిస్థితి వేరు. ప్లాంటు మూతపడకపోయినా కరెంటు బండ్ల వల్ల మొదటివాళ్లకి తిప్పలు తప్పవు.

"చివరికి ఏ బండిలోకి" అన్న కాలమ్ ఓనర్లు ఖాళీగా వదిలేస్తారు. తెలియదంటారు. మౌల్డు ప్లేటు చూడమనండి, డ్రాయింగ్ కింద మూల రాసి ఉన్న పార్టు నంబరు చూడమనండి. ఆ రెండూ చూస్తే చాలావరకు తేలిపోతుంది.

పట్టిక చేతికొచ్చాక వరుస ఇది. మొదట బకాయిలు. చిన్న పరిశ్రమల కోసం చేసిన ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 ప్రకారం ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో డబ్బు రావాలి, రాకపోతే ఇలాంటి బకాయిల గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు, ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. కానీ సరుకు పంపేనాటికే ఉద్యమ్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) రిజిస్ట్రేషన్ చేయించి పెట్టుకోండి. బకాయి పడ్డాక రిజిస్టర్ చేయించుకుని వెనకటి బిల్లులకి వాడదామంటే చిక్కుల్లో పడతారు. ఈ ఒక్క ముక్క పట్టించుకోని యూనిట్లు ఇప్పటికీ ఉన్నాయంటే ఏం చెప్పాలి? రెండోది, మెటీరియల్ లెక్క తేల్చుకోవడం. ఆఖరి పేమెంటుని డెబిట్ నోట్లు (మన బిల్లులోంచి తగ్గిస్తున్నామనే కాగితాలు) వేసి కోసేస్తారు, లైను నడుస్తుండగానే సంతకాలు పెట్టించుకోండి. మూడోది మౌల్డు: అది వాళ్లది, తీసుకెళ్తారు. మీకు మిగిలేది మెషిన్, కరెంటు కనెక్షన్, ఆపరేటర్లు. ప్లాన్ వీటి మీద కట్టాలి.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. మౌల్డింగ్ యూనిట్ అనగానే "మదనపల్లె మార్కెట్‌కి టమాటా క్రేట్లు చేయండి" అని సలహా. బేరం మంచిదే, కానీ క్లిప్పులు తీసే చిన్న మెషిన్ మీద క్రేట్ రాదు, దానికి పెద్ద టన్నేజీ కావాలి. అదే మెషిన్ మీద ఛార్జర్ బాడీలు, టీవీ లోపలి చిన్న భాగాలు వస్తాయి. రేణిగుంట, ఏర్పేడు వైపు ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లు పక్కనే ఉన్నాయి. టన్నేజీ కాలమ్ పెట్టమన్నది అందుకే. అలాగే "రైల్వే వర్క్‌షాప్ పక్కనే ఉంది కదా, వాళ్లకి చేయండి" అంటారు. చేయొచ్చు, కానీ కార్లకి పనికొచ్చిన ఐఏటీఎఫ్ 16949 నాణ్యత సర్టిఫికెట్ చూపిస్తే రైల్వే ఆర్డర్ ఇవ్వదు. వాళ్ల వెండర్ అప్రూవల్ వాళ్లదే, దానికి ఓపిక కావాలి. మూతపడ్డాక మొదలుపెడితే అప్రూవల్ వచ్చేసరికి యూనిట్ ఉండదు.

అందుకే ఇది ముందే చేసినవాళ్లు గట్టెక్కారు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ పక్క లాంగ్‌బ్రిడ్జ్‌లో రోవర్ కార్ల కంపెనీని వదిలించుకుంటానని బీఎండబ్ల్యూ 2000లో అన్నప్పుడే టాస్క్‌ఫోర్స్ వేసి, సప్లయర్లని వేరే కస్టమర్ల వైపు మళ్లించడం మొదలుపెట్టారు. ప్లాంటు చివరికి 2005 ఏప్రిల్‌లో కూలింది. లోపల దాదాపు 6,000 ఉద్యోగాలు పోయాయి, కానీ సప్లయర్ల దగ్గర 2000లో భయపడినంత నష్టం జరగలేదు. ఆస్ట్రేలియాలో ఫోర్డ్, హోల్డెన్, టొయోటా 2013, 2014లోనే చెప్పేశాయి, ఆఖరి కారు 2017 అక్టోబర్‌లో ఎలిజబెత్ అనే ఊళ్లో లైను దిగింది. వాళ్లకి మూడు నాలుగేళ్ల గడువు దొరికింది. చెన్నైలో ఏడాది కూడా దొరకలేదు. ఇక్కడ మనకి ఎంత దొరుకుతుందో మీరే లెక్కేసుకోండి.

లక్షణం: "ప్లాంటుని వేరే కంపెనీ కొంటోంది, అందరం కాస్త ఆగుదాం" అని ఎవరూ ఏమీ చేయట్లేదు

కారణం: షెడ్డు అమ్ముడుపోవడం, పని తిరిగి రావడం ఒకటే అనుకోవడం. గుజరాత్‌లోని సాణంద్‌లో ఫోర్డ్ ప్లాంటుని టాటా తీసుకుంది, అర్హులైన ఉద్యోగులకి మళ్లీ ఉద్యోగాలిచ్చింది. అది అదృష్టం. మహారాష్ట్రలోని తలేగావ్‌లో జనరల్ మోటార్స్ 2020 డిసెంబర్‌లో ఆపేసింది. కొంటానన్న చైనా కంపెనీతో బేరం తెగలేదు, హ్యుందాయ్ సంతకం పెట్టేసరికి 2023 ఆగస్టు. మరైమలైనగర్ ప్లాంటుని ఎగుమతుల కోసం మళ్లీ వాడతామని ఫోర్డ్ లేఖ ఇచ్చింది 2024 సెప్టెంబర్‌లో. రెండు చోట్లా రెండేళ్లు దాటింది. దానికి, మన యూనిట్ 90 రోజుల గడువుకి పొంతన ఎక్కడుంది? పైగా కొత్త కంపెనీ వస్తే తన సప్లయర్లని వెంటబెట్టుకొస్తుంది.

పరిష్కారం: కొనేవాడి కోసం ఒక ఫైలు, యూనిట్ల కోసం ఇంకో ఫైలు. ఒకటి రెండోదాని కోసం ఆగకూడదు. కొనేవాడు దొరక్కపోతే ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టాన్‌స్లీ ప్లాంటు చూడండి: మిత్సుబిషి 2008లో మూసేసింది, 2010లో రాష్ట్ర ప్రభుత్వం కొంది, పెద్ద అసెంబ్లీ షెడ్డు పైకప్పు అలాగే ఉంచి దాని కింద చిన్న కంపెనీలు, యూనివర్సిటీ, శిక్షణ సంస్థ పెట్టించింది. మంచి పనే. కానీ ఏళ్లు పట్టింది, ప్రభుత్వం డబ్బు పెట్టింది. మన దగ్గర "ఇన్నోవేషన్ హబ్" అని బోర్డు కట్టి ఫొటోలు దిగి వెళ్లిపోవడం టాన్‌స్లీ అవ్వదు.

లక్షణం: ట్రైనింగ్ సీట్లు నిండాయి, ఉద్యోగాల్లో చేరట్లేదు

రెండే కారణాలు. మొదటిది, ఎవరు తీసుకుంటారో తేల్చకుండా కోర్సు మొదలుపెట్టారు. రెండోది బస్సు. సూళ్లూరుపేట, నాయుడుపేట, సత్యవేడు పల్లెల నుంచి ఆడపిల్లలు శ్రీసిటీకి పనికి వస్తున్నారంటే కంపెనీ బస్సు ఊరి దాకా వస్తుంది కాబట్టి. రాత్రి షిఫ్ట్ దిగాక బస్సు మెయిన్ రోడ్డు మీద వదిలేసి పోతే, జీతం ఎంతిచ్చినా ఇంట్లోవాళ్లు పంపరు. కోర్సు సిలబస్ కంటే ముందు బస్సు రూట్ గీయండి.

"ఫుడ్ ప్రాసెసింగ్‌లో అందరినీ సర్దేద్దాం" అనే ప్లాన్ కూడా ఇందులోకే వస్తుంది. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు సీజన్లో రాత్రీ పగలూ నడుస్తాయి, తర్వాత పండు ఉండదు. పన్నెండు నెలల జీతానికి అలవాటుపడ్డ వెల్డరు మూడు నెలల పనికి రాడు. మెయింటెనెన్స్ ఫిట్టర్లకి కొంత చోటు ఉంటుంది, అంతే.

అరుదైన కారణాలు

యూనియన్ అడ్డుపడుతోంది, స్థలం మీద కేసు ఉంది, మనవాళ్లకి కష్టపడే అలవాటు పోయింది అని చెబుతుంటారు. మొదటి రెండూ ఎక్కడో ఒకచోట నిజం, లాయరు చూసుకుంటాడు. మూడోది చెప్పినవాళ్లని పొద్దున్నే తడ రోడ్డు మీద బస్సుల కోసం నిలబడేవాళ్లని చూసి రమ్మనండి. షెడ్యూల్ పడిపోయిందని గేటు ఈశాన్యానికి మార్పించినవాళ్లూ ఉన్నారు. మార్పించుకోండి, కాదనను. పట్టిక మాత్రం ప్రతి ఏటా సీసీ రెన్యువల్ కాగితాలతో పాటే కొత్తగా రాయించి, ఒక కాపీ సంఘం ఆఫీసులో, ఒక కాపీ జిల్లా పరిశ్రమల కేంద్రంలో పెట్టించండి.