ఫ్రాంజ్ సెల్‌లో బుడగ కనిపిస్తే ఆగండి

పూసిన మందు చర్మంలోంచి ఎంత దిగుతుందో కొలవడానికి మా ల్యాబ్‌లో ఫ్రాంజ్ సెల్ వాడతాం. రెండు గాజు గదులు, మధ్యలో చర్మం. ఆపరేషన్‌లో తీసేసిన పొట్ట చర్మాన్ని, ఆ మనిషి అనుమతితోనే తెచ్చి, 200 నుంచి 400 మైక్రాన్ల మందంలో కోస్తాం. పైపొర పైకే ఉండాలి.

కింది గదిలో ద్రవం నింపేటప్పుడే అసలు తిప్పలు. చర్మం కింద ఆవగింజంత గాలి బుడగ చేరినా ఆ మేర మందు దిగదు. సెల్‌ను పక్కకు వంచి, వేలితో మెల్లగా తట్టండి, పక్క గొట్టంలోంచి బయటికొచ్చేస్తుంది. కొత్తలో నేను ఇది చూసుకోక ఆరు సెల్స్ పారబోశాను!

చర్మం పైన వేడి 32 డిగ్రీలు ఉండాలి. మందు వేశాక 24 గంటలు, గంటల లెక్కన కింది ద్రవం కొద్దిగా తీయండి. తీసినంతా తాజాది పోయండి. మరిచిపోతే అదే బుడగ మళ్లీ.

చివర్లో పైన మిగిలింది తుడిచి, టేపు అంటించి చర్మం పైపొరలు లాగి, ఆ తుడిచినదాంట్లో, టేపులో, మిగతా చర్మంలో ఉన్న మందునీ కిందికి దిగినదాన్నీ కలపండి. వేసినదాంట్లో 90 నుంచి 110 శాతం తేలకపోతే ఆ సెల్ లెక్కలోకి రాదు.